లసినెం అత్త ఇంటి నీడ

ముందా గడ్డపార కింద పెట్టు వెనింగ్. ఇలా వచ్చి కూచో. ఆ నాలుగు రాళ్లూ ఎక్కడికీ పోవు. ఈ పెరట్లోంచి ముందు పోవాల్సినవాణ్ని నేను, నేనే పోలేదు, అవెక్కడ పోతాయి? ఇటుకల లారీ ఎప్పుడొస్తుందన్నావ్? మధ్యాహ్నమా? అయితే బోలెడు టైముంది. కాఫీలో చక్కెర వేశావా? మీ నాయనమ్మ చాప మీద కర్రపెండలం చెక్కలు ఎండేస్తోంది, చూడట్లేదులే, ఇంకో చెంచా వెయ్యి. ఏంటీ? ఎవరివా? మా లసినెం అత్తవి. మా నాన్న మంగున్‌కి ఒక్కగానొక్క చెల్లెలు. కుదురు లేని మనిషి తల్లీ. కూచుంటే కాలు ఊపేది, నించుంటే చీపురు ఊపేది. మొగుడు చిన్నప్పుడే పోయాడు, ఆ ఊపుడు తట్టుకోలేకే పోయాడని మా అమ్మ అనేది. మా అమ్మ మాటలు నువ్వు వినలేదు గానీ, మిరపకాయ బజ్జీలో మిరపకాయ. సరే. మా తాత పోతూ పోతూ పంపకం చేశాడు. మనలో మాట ఉందిగా, కొడుక్కి కావడి, కూతురికి చంకన మూట అని. కావడికి రెండు తట్టలు, చంకనేమో ఒక్క మూటే పడుతుంది. మడీ పెరడూ మా నాన్న కావడిలో పడ్డాయి. ఈ పెరట్లో ఉన్న టేకు ఇల్లు అత్త చంకన పడింది. నేలేమో అన్నయ్యది, నేల మీదున్నదేమో చెల్లెలిది. మేం వెనకాల వెదురు గుడిసెలో. "మన మధ్య తేడా ఏముందే" అని ఆయన, "అదేగా అన్నయ్యా" అని ఆవిడ. మొన్న నువ్వూ మీ అన్న పుర్నో ఈ అరుగు మీదే కూచుని అనుకున్నారు చూడు, అచ్చం అలాగే. ఏం లేదులే, ఊరికే అన్నా. లారీ చప్పుడేనా అది? కాదా, సరే.

తేడా ఎక్కడొచ్చిందంటే కర్రపెండలం దగ్గరొచ్చింది. ఆ ఏడు వరి పోయింది, ఇంటిల్లిపాదికీ పెండలమే గతి. మా అమ్మ చెక్కలు కోసి పెరట్లో ఎండేసింది. పొద్దు వాలేసరికి అత్త ఇంటి నీడ వచ్చి వాటి మీద పడుకునేది, మా తాత పొట్ట మీద పిల్లి పడుకున్నట్టు. చెక్కలకి బూజు పట్టింది. మా నాన్న ఊగిపోయాడు. "లసినెం, నీ నీడ నా నేల మీద పడుతోంది!" "మరి నా నేల మీద పడేయమంటావా అన్నయ్యా? నాకు నేలేదీ?" "అదంతా నాకు తెలీదు. నీ నీడ నువ్వు తీసుకుపో!" అత్త కాలు ఊపడం ఆపేసింది. అది చూసి నాకు భయం వేసింది. "నీడ ఒక్కటే రమ్మంటే రాదు అన్నయ్యా, ఇంటితో కలిసే వస్తుంది" అంది, అని ఆ సాయంత్రమే ఊళ్లోకెళ్లి గడపగడపకీ చెప్పొచ్చింది, ఇల్లెత్తడానికి రండయ్యా అని. ఇల్లెత్తే పిలుపంటే నీకు తెలీదు, నువ్వు ఇటుకల కాలం దానివి. ఇంటికో మగాడు వెళ్లాల్సిందే. పోనివాడి ఇంట్లో రేపు శవం లేచినా ఎవడూ భుజం పట్టడు. చెప్తూ చెప్తూ చివరికి మా గుడిసె గుమ్మంలోకొచ్చింది. "అన్నయ్యా, మా ఇల్లు జరుపుతున్నాం, మీ ఇంట్లోంచి ఒకర్ని పంపుతారా?" అని, ఎవరో పరాయివాళ్లని అడిగినట్టు! మా నాన్న ముఖం చూడాలి నువ్వు. మా అమ్మ లోపల్నించి, "వెళ్లండి, మీరు పొమ్మన్న నీడేగా" అంది. ఇంకేం చేస్తాడు, నన్నూ వెంటేసుకుని వెళ్లాడు.

పెంకులు దించారు, వెదురు తడికలు విప్పారు. స్తంభాలు దూలాలు మాత్రం మిగిలాయి, కింద బొంగులు కట్టారు. మా నాన్నది ముందు మూల. నాదా? నేనూ మోశాననే చెప్పుకుంటా గానీ, అందరిలోకీ పొట్టివాణ్ని నేనే. బొంగు నా భుజానికి అందలేదు. చేతుల్తో పట్టుకున్నా, వాళ్లు పైకెత్తారు, నా కాళ్లు గాల్లోకి లేచాయి. ఇల్లు నేను మొయ్యలేదు తల్లీ, ఇల్లే నన్ను మోసింది. సరే, ఇల్లు లేచింది, మరి అత్తేదీ? లోపలే ఉంది! చీపురు చేతబట్టుకుని, ఆ నాలుగు స్తంభాల మధ్యలో, ఇల్లు నడుస్తుంటే ఇంటితోపాటు తనూ నడుస్తోంది. "లసినెం ఇల్లు విడిచి వెళ్లిపోయిందని రేపెవడైనా అంటే నాలుక కోస్తా. చూసుకోండి, నేను ఇంట్లోనే ఉన్నా!" అని అరుస్తోంది. పైగా మా నాన్నకి పురమాయింపులు, "అన్నయ్యా, నీ మూల వంగుతోంది, కాస్త ఎత్తు!" జనం నవ్వలేక చస్తున్నారు. నవ్వితే ఇల్లు ఊగుతుందిగా మరి. వాగొడ్డున ఊరుమ్మడి నేల మీద దించారు. అన్నం, పనసకాయ కూర వడ్డించింది. మా నాన్నకి రెండు గరిటెలు ఎక్కువే వేసింది. "ఉప్పు తక్కువైంది" అన్నాడాయన, తల ఎత్తకుండానే. "ఉప్పు మీ పెరట్లోనే మర్చిపోయా అన్నయ్యా." అప్పుడు అన్నాడు మా నాన్న, "ఉప్పొక్కటేనా, ఆ స్తంభాల కింది రాళ్లూ అక్కడే ఉన్నాయి. అవీ పట్టుకుపో." "అవి ఉండనీ. గుమ్మం దగ్గర చెప్పులు విడిచినవాళ్లు మళ్లీ రారా ఏం?" అంది.

వచ్చిందా అంటే, ఎక్కడ వచ్చింది? వాగు పొంగితే వాగొడ్డు నుంచి గుట్ట మీదికి జరిపింది. అక్కడ పక్కింటావిడ మేకలతో పడక గుట్ట మీంచి సంత వెనక్కి జరిపింది. ప్రతిసారీ పిలుపొచ్చేది, ప్రతిసారీ మా నాన్న వెళ్లి అదే ముందు మూల పట్టేవాడు. దార్లో ఒక్క మాటుండేది కాదు. ఇక్కడేమో ఆ రాళ్ల మధ్య ఒక్క పెండలం కర్ర గుచ్చనిచ్చేవాడు కాదు ఆయన. ఇంత మేర బంగారంలాంటి నేల! మా అమ్మ నెత్తీనోరూ బాదుకునేది. రోజూ పొద్దున్నే లేచి అక్కడ ఊడ్చేవాడు. ఎందుకు నాన్నా అంటే, "ఆకులు పడుతున్నాయి" అనేవాడు. పెరడంతా పడట్లేదూ ఆకులు? ఒక్కసారి, ఒక్కసారి వెళ్లి, "ఇంటికి రావే" అంటే సరిపోయేది. సంత వెనక దాకా వెళ్లేవాడు, పొగాకు కొనుక్కుని వచ్చేసేవాడు. మా నాన్న పోయిన రోజున అత్త వచ్చింది. శవం దగ్గరికి కాదు, తిన్నగా వెళ్లి ఆ రాళ్ల మధ్య కూచుంది. కాలు ఊపలేదు. నేను దగ్గరికెళ్లి, "అత్తా, ఇల్లు తెచ్చేసుకో, నేనే పిలుస్తా ఊరందర్నీ" అన్నా. నన్ను కిందికీ పైకీ చూసి, "నువ్వు మోస్తావా?" అంది. ఆ ఏడుపులోనూ ఎగతాళే. తర్వాత అంది, "కొట్లాడేవాడు లేని చోటికి ఏమని తిరిగి రానురా?" లేచి వెళ్లిపోయింది. ఆవిడా పోయాక, పెంచుకున్న పిల్ల ఆ ఇంటిని ఎవడో పాత టేకు వ్యాపారికి అమ్మేసింది. ఇప్పుడెక్కడో సముద్రం పక్కన హోటలట, ఆ స్తంభాల మధ్య దొరలు కూచుని గుడ్డు అట్టు తింటున్నారట. ఆవిడ ఇల్లు అక్కడా కుదురుగా ఉంటుందని నాకు నమ్మకం లేదు.

ఏంటీ? రాళ్లు తీసేయమంటావా వద్దా అనా? నువ్వు మంచిదానివే వెనింగ్. పుర్నో ఇంకా మంచివాడు. ఇల్లు కట్టుకోవే, మన మధ్య ఏముంది అన్నాడు, నేనూ విన్నా. ఈ పెరడు వాడిదని ఊరంతా అనుకుంటోంది, నేనూ అలాగే అనుకుంటూ వచ్చా. కానీ రేపు వాడికి పెళ్లవుతుంది. వాడి పెళ్లాం ఏదో ఒకటి ఎండేస్తుంది. మా అత్తకి కోపమొస్తే ఇల్లు భుజానెత్తించుకుని వెళ్లిపోయింది. నీది ఇటుక ఇల్లే తల్లీ. ఊరంతా వచ్చినా దాన్ని ఎత్తగలరా? నువ్వు చీపురు పట్టుకుని లోపల ఎంత నడిస్తే మాత్రం అది కదులుతుందా? అందుకని... పుర్నో ఎక్కడున్నాడు? పొలంలోనా? పిలువు వాణ్ని. ఇప్పుడే. ఆ నాలుగు రాళ్ల మధ్య నేల నీదని నా నోటితో వాడి ఎదుట చెప్పాలి, ఊరి పెద్ద చెవిన కూడా వెయ్యాలి. అదిగో, లారీ. లారీవాణ్ని రోడ్డు మీదే ఆగమను. ఒక్క ఇటుక దించనివ్వకు, పుర్నో వచ్చేదాకా... నన్ను లేపు, కాలు పట్టేసింది. ఆఁ. ముందా చాప అటు లాగవే. చూరు నీడొచ్చేసింది, చెక్కలకి బూజు పడుతుంది.