నాయన గుడ్డ మీద కుట్టు

హలో… ఆఁ, నేనే చిన్నాయనా. సర్ఫరాజ్‌ను, కర్నూలు నుంచి.

…

యా సర్ఫరాజ్ ఏంది? నీకెంతమంది ఉండారు? మీ అన్న కొడుకును. టైలర్‌ను.

…

ఆఁ, అందరం బాగుండాం. నువ్వు యాడుండావు, తోటలోనా? … బనగానపల్లెలో పుట్టి మామిడితోటలో కాకుండా యాడుంటావులే. కాయలెట్లుండాయి? … అయ్యో, గాలికి రాలిపాయెనా.

…

ఏంలేదు, ఉత్తగానే చేసినా. ఒగ మాట గురించి. కుట్టు.

…

ఆఁ, కుట్టే. నవ్వద్దు! మా పాప షాహనాకు కాలేజీలో చెప్పినారంట, ఒగ మాట తీసుకోని అది యా భాషలో ఏమేం అర్థమిస్తాదో రాసుకోని రమ్మని. వాళ్ల నాయన టైలర్ కదా, కుట్టు తీసుకునింది. నన్నడిగింది. నన్నడిగితే ఊరుకుంటానా?

విను. తెలుగులో బట్ట కుడ్తాం, చెవులు కుట్టిస్తాం. చీమ కుడ్తాది, తేలు కుడ్తాది. పక్కింటోడు స్కార్పియో కారు కొంటే మనకు కండ్లు కుడ్తాయి. తేలేమో వాళ్ల వాకిట్లో, కుట్టేదేమో మన కంట్లో!

…

ఉండు, ఇంగా ఉండాది. ఆదోని నుంచి ఒగ కన్నడమామె వస్తాది. ఆమెకు కుట్టు అంటే దంచేది. "జాకెట్ కుట్టాల్నామ్మా" అంటే రోకలి యాడుండాదా అని చూస్తాది. మన కుట్టుపనేమో వాళ్లకు హొలిగె. మనకు ఓళిగంటే నెయ్యేసుకోని తినే బొబ్బట్టు. బళ్లారిలో హొలిగె అని బోర్డు చూసి పోయి "రెండియ్యండి" అంటి. వాడు టేపు తీసి నా నడుము కొలిచినాడు!

…

తమిళోళ్లకు తైయల్. పాతకాలంలో ఆడమనిషిని గూడా తైయలే అనేటోళ్లంట. ఉర్దూలోనేమో… మనం సాయిబులమే గానీ మనకొచ్చే ఉర్దూ కూరలో ఉప్పుకు గూడా సాలదు. సీనా అంటే కుట్టేది. సీనా అంటే రొమ్ము గూడా. అంటే రొమ్ము కొలత తీసుకుంటే సగం బట్ట కుట్టినట్టే!

…

ఇంగొగటి ఉండాది. దొంగకు తేలు కుట్టినట్టు…

…

లైన్లోనే ఉండా.

…

చిన్నాయనా, పాప అడిగింది నిజమే. నేను ఫోన్ చేసింది మాత్రం దానికి గాదు. ఆ దొంగను నేనే. నలభై దినాలు కావస్తాంది కుట్టి, నోరిప్పలేక సస్తాండా. నాయన పోయినప్పుడు చుట్టిన కఫన్ గుడ్డ గురించి.

…

రేపు నలభయ్యో దినానికి నువ్వొస్తావని తెలుసు. రేపు అందరి ముందర అడగలేను. అందుకే ఈ పొద్దే…

…

చెప్తాండా. చెప్పనీ.

ఆ దినం మీరు గుడ్డ తెచ్చి నా చేతికిచ్చిరి కదా, టైలర్ కదా నువ్వే కత్తిరించు అని. మీ అన్న దొడ్డ మనిషి. గుడ్డకేమో పన్నా, అదే వెడల్పు, తక్కువ. చుట్టుకు రాదు. రెండు ముక్కలు పక్కపక్కన పరిచినా. అంతే.

…

అంతే అంటే… నేను పోయి మిషన్ మీద కూర్చున్యా.

…

తెలుసు! కఫన్‌కు సూది తగలకూడదని నాకు తెలీదా? చింపేది, చుట్టేది, పీలికలతో కట్టేది, అంతేగదా. చిన్నపిల్లకు గూడా తెలుసు. నా చేతులకు తెలీలేదు. ముప్పై ఏండ్లుగా రెండు ముక్కలు పక్కపక్కన పడితే కలపమని చెప్పింది ఎవరు? నాకు ఈ పని నేర్పిన నాయనే. కాలు ఆడించినా. తెల్లగుడ్డ సూది కింద పోతాండేది కనపడింది. కొసదాకా పోయింది.

…

ఆ తర్వాత గుర్తు లేదు. నిజంగా. మళ్లీ తెలివొచ్చేసరికి గోరీ కాడ ఉండా. మూడు పిడికిళ్ల మన్ను యేసినా. నడుమ ఏం జరిగిందో ఏమీ లేదు. తెల్లగా ఉండాది.

…

అందుకే నాయన వస్తాండాడు.

…

తాగలేదు చిన్నాయనా. పట్టపగలే. మధ్యాన్నం అన్నం తిని మిషన్ కాడ కూర్చుంటే వెనక నుంచి అంటాడు. ఒగటే మాట. "విప్పు. విప్పురా." తిరిగి చూస్తే ఇస్త్రీ బల్ల ఉంటాది.

…

ఏం చేసేది? విప్పుతాండా. కృష్ణవేణమ్మ కూతురు నిశ్చితార్థానికి జాకెట్ ఇచ్చింది. సాయంత్రం వొచ్చి చూస్తే ముక్కలు. హుక్కులు గూడా తీసిపెట్టినా. దేవేంద్రప్ప చొక్కా కాలర్ ఒగపక్క, చేతులు ఒగపక్క. అంగడి పోస్టుమార్టం గది మాదిరి ఉండాది. బోర్డు మీద టైలర్ సర్ఫరాజ్ అని ఉండాదే, ఫెయిలర్ అని మార్చాల.

…

నవ్వకపోతివా. పర్వాలేదు. నాగ్గూడా రాలే.

…

ఇమాం సాబును అడిగితే ఏమంటాడో తెలుసు. "అల్లా టైలర్ గాదయ్యా, కుట్లు చూసి కూలి ఇచ్చేదానికి" అంటాడు. మంచిమాటే. అది నాకు సరిపోదు. నాయనకు స్నానం చేపించి గుడ్డ చుట్టినోడివి నువ్వు. నీ చేతికి తగిలింటాది. ఒగటే చెప్పు. ఆ కుట్టుతోనే గోరీలో పెట్టినామా ఆయన్ను?

…

నిజం చెప్పు. నాకోసం చెప్పొద్దు.

…

ల్యా?

…

సూది బొక్కలు ఉండాయి… దారం ల్యా?

…

ఎవరు తీసిరి? అమ్మనా?

…

నేనా?

…

నేను యాడ… ఎట్ల?

…

కింద కూర్చోని. బ్లేడుతో. … గోటితో దారాలు ఏరుకుంటా. … ఒక్కటి గూడా ఇడవకుండానా.

…

నాకు లేదు చిన్నాయనా. అదేమీ నాకు గుర్తు లేదు. నువ్వు యాడుంటివి?

…

నా వెనకనా.

…

ఏమంటివి నువ్వు? … గాదు, ఏమంటివో ఆ మాటే చెప్పు.

…

ఎన్నిసార్లు?

…

కొసదాకా అంటానే ఉంటివా.

…

చిన్నాయనా, ఆ మాట ఇప్పుడొగసారి అను. … ఏం గాదు, అను. ఆ పొద్దు ఎట్లంటివో అట్లనే.

…

…

ఆఁ. అదే. "విప్పురా."

…

బాగుండా. గోడకు ఆనుకున్యా, అంతే. మీ ఇద్దరి గొంతు ఒగటేనని అమ్మ ఎప్పుడూ అంటానే ఉంటాది. నువ్వు వాకిట్లో దగ్గితే లోపల్నుంచి నీళ్లు తెచ్చేది కదా, నాయననుకోని.

…

నిమ్మళమే. ఎందుకు గాదు? ఆయన ఎట్ల పోవల్నో అట్లనే పోయినాడు. సూది తగిలినా దారం లేదు. శానా నిమ్మళం. ఈ పొద్దే కృష్ణవేణమ్మ జాకెట్ మళ్లీ కుడ్తా. రేపటికి కుర్మా గూడా చేపిస్తా. నువ్వు తినిపో.

…

ఏడ్చలేదు. ముక్కులోకి దూది పోయింది.

…

అది గాదు చిన్నాయనా.

…

నాయన రాలేదు కదా.

…

ఇన్ని దినాలు. భయపడితి, నిజమే. అయినా అంగడి తెరిస్తి. ఎందుకు తెరిస్తి? మధ్యాన్నమైతే వస్తాడు కదా అని. తిట్టేదానికన్నా వస్తాడు కదా అని. ఇప్పుడు లెక్క చూసుకుంటే ఒక్కసారి గూడా రాలే ఆయన. నీ మాటనే నేను…

…

నీ తప్పేముండాది? నువ్వు మంచి చేస్తివి.

…

ఫోన్ పెట్టొద్దు. ఒగటి అడుగుతా. నవ్వుతావో, తిడతావో, నీ ఇష్టం.

…

నాయన నన్ను పేరు పెట్టి పిలిచేటోడు గాదు. "పెద్దోడా" అనేటోడు. … ఆఁ, నీకూ తెలుసు. ఒగసారి అట్లా పిలు.

…

సిగ్గెందుకు? తోటలో ఎవరుండారు, కాయలు తప్ప?

…

ఇంగొంచెం గట్టిగా. మిషన్ సప్పుడు మీద ఇనపడేటట్టు పిలిచేటోడు ఆయన.

…

…

ఆఁ, నాయనా.

…

హలో?

…

హలో…