అన్నకు పడిన మాత్ర

2021 మే నెల. మార్కాపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి మెట్ల మీద, గొర్రెలు మేపుకునే నాగులు డ్యూటీ డాక్టర్ హేమలతకు అడ్డంగా నిలబడ్డాడు. లోపల అతని అన్న వీరాంజనేయులు ఆక్సిజన్ మీద ఉన్నాడు.

“తెచ్చినా గదా డాక్టరమ్మా, ఇంగ ఏంది ఆలస్యం? కర్నూలంతా తిరిగితే దొరికినాయి ఈ ఇంజెక్షన్లు. ముందు అన్నకు ఏసేయండి.”

“కూర్చో నాగులన్నా, చెప్తా.”

“కూర్చోలేను. పొద్దుట్నుంచి కాలు ఒక్కకాడ నిలవడం లేదు. రెమ్‌డెసివిర్ అనే గదా దీనిమీద ఉండేది?”

“అదే. మంచి మందే. అయితే మీ అన్నకు ఇప్పుడు దీంతో పెద్దగా పని లేదు.”

“మంచిదంటారు, పని లేదంటారు. ఇదేం మాట?”

“ఇను. ఒంట్లో దూరిన వైరస్ ఒకటి పదై, పది వందై పెరుగుతాది. ఈ మందు ఆ పెరిగేదాన్ని ఆపుతాది. తొలి రోజుల్లో ఏస్తేనే గుణం. మీ అన్నను మీరు తీసుకొచ్చిందే వారం దాటినాక.”

“కషాయాలు తాపుకుంటా కూర్చున్నాం. సరే, అయిపాయె. ఇప్పుడేస్తే ఏం పోతాది?”

“ఇప్పుడు ఆయన్ను బాధపెట్టేది వైరస్ కాదన్నా. దాన్ని తరమాలని ఒళ్లే రెచ్చిపోయింది. రెచ్చిపోయి సొంత ఊపిరితిత్తుల్నే వాచగొట్టింది. తోడేలు పోయినాక కూడా కుక్కలు ఆగకుండా, నీ గొర్రెల్నే కరుస్తాంటే ఏం చేస్తావు?”

“కట్టేస్తా.”

“ఆ కట్టేసే మందే స్టిరాయిడ్. అదే ఇస్తాండాం. నిన్నటికీ ఇయ్యాల్టికీ ఆక్సిజన్ తగ్గించినాం గూడా.”

“నర్సమ్మ ఏసే ఆ చిన్న తెల్ల మాత్రేనా?”

“అదే.”

“అది... అందరికీ అట్లనే పనిచేస్తాదా?”

“లేదు. ఊపిరాడక ఆక్సిజన్ పెట్టుకున్నోళ్లకు ప్రాణం నిలబెడతాది. అప్పుడప్పుడే జొరం మొదలైనోళ్లకు చేటు.”

“చేటంటే?”

“తోడేలు ఇంకా మందలోనే ఉండాది. కుక్కల్ని కట్టేస్తే ఏమయితాది? ...ఏందన్నా, అట్ల చూస్తాండావు?”

“ఏం లేదు. ఊరికే. ఎన్ని మింగితే చేటు?”

“ఎవరు మింగినారు?”

“ఎవరూ లేదు. ఊరికే అడిగినా.”

“నాగులన్నా.”

“అన్నకు నిమ్మళించింది గదా అని... నిన్న మాయమ్మకు జొరమొచ్చింది. ఆ మాత్ర పేరే చెప్పి దుకాణంలో తీసుకున్నా. ఊరికి పోయే ఆటోలో పంపినా. అన్నకు పడింది గదా, అమ్మకూ పడతాదనుకున్నా. ఆమెకూ తొందరగా తగ్గాల గదా.”

“ఆమెకు షుగర్ ఉందా?”

“ఉండాది.”

“ఈ మాత్రకు షుగర్ ఇంకా ఎగబాకుతాది. ఫోన్ చెయ్యి. ఇప్పుడే. నాకూ ఇనపడేటట్లు పెట్టు.”

“చేస్తాండా... మోగుతాండాది. ఎత్తడం లేదు డాక్టరమ్మా. ఎత్తడం లేదు.”

“మళ్లీ చెయ్యి.”

“అమ్మా? అమ్మా, నేను నాగుల్ని. ఆ తెల్ల మాత్రలు ఏసుకోవద్దు. ఇంటాండావా? ఏసుకోవద్దు. ఎన్ని ఏసుకున్నావు?”

“యాడ ఏసుకున్నా రా. ఒక్కటి గూడా ఏసుకోలే. కొంగున కట్టి పెట్టినా.”

“ఏసుకోలేదంట, డాక్టరమ్మా, ఏసుకోలేదంట. మంచి పని చేసినావమ్మా. కొంగున ఎందుకు కట్టినావు?”

“రెండు రోజుల్నుంచి ఫోన్లో నీ దగ్గు ఇంటానే ఉండా నాయనా. ముసిలిదాన్ని, నాకెందుకు మందులు? నువ్వొస్తే నీకేద్దామని దాచినా.”