తినాలనిపించట్లేదట!

నవ్వకండి వదినా! మీరు నవ్వితే నాకింకా మండుతుంది. మీ తమ్ముడు తనంతట తానుగా ఆ ఫ్రైడ్ చికెన్ ముట్టుకుని రేపటికి తొమ్మిది వారాలు. దీనికి సంతోషించాలి గానీ ఈ ఏడుపేంటి అనే కదా మీరు అనబోయేది? అందరూ అదే అంటున్నారు.

కూర్చోండి. అబ్బా, ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతుంది. ఇటు రండి. తండ్రీ కూతురూ బూట్లు కొనడానికి వెళ్లారు, అరగంట దాకా రారు. ఈలోపు నా గోడు వినండి. ఆయన్ని నాకంటే ముందు నుంచీ ఎరిగినవారు మీరే కదా, మీకు కాక ఇంకెవరికి చెప్పుకోను?

పదమూడేళ్లు వదినా! పొద్దంతా లిఫ్టు గుంతల్లోకి దిగి, ఆ తాళ్లకీ చక్రాలకీ గ్రీజు పూసి, సాయంత్రం ఆరున్నర అయ్యేసరికి ఆ మలుపులో చికెన్ షాపు ముందు వ్యాను ఆపాల్సిందే. నాలుగు ముక్కలు, పెద్ద సైజు ఫ్రెంచ్ ఫ్రైస్, పైన కారప్పొడి రెండింతలు. వానైనా అంతే, జ్వరమైనా అంతే. ఆఖరికి పిల్ల పుట్టిన రోజు కూడా! నేను ఆస్పత్రి మంచం మీద ఉన్నాను. పిల్లని ఎత్తుకోబోతూ ఆగి, తన చేతులు వాసన చూసుకున్నారు మీ తమ్ముడు. నేను చూడలేదనుకున్నారు.

నేను చేయని గొడవ ఉందా చెప్పండి? కొలెస్ట్రాల్ రిపోర్టు ఫ్రిజ్ తలుపుకి అంటించాను. పిల్ల మీద ఒట్టు వేయించుకున్నాను. మూడో రోజుకే టూల్ బాక్సులో, స్పానర్ల కింద, సాస్ ప్యాకెట్లు దొరికాయి. ఒకసారైతే పొట్లం లాక్కుని సింకులో కుళాయి కింద పెట్టేశాను. తడిసిపోయిన ఆ ముక్కల వంక ఎంత జాలిగా చూశారో! ఆ తర్వాత వారం రోజులు నేను మాట్లాడలేదు. మాట్లాడలేదన్న సంగతి ఆయనకి తెలిసిందో లేదో, అది నాకిప్పటికీ అనుమానమే.

అలాంటి మనిషి మానేశారు. ఎందుకు మానేశారు? అదీ నా ప్రశ్న.

అంతా ఆ జ్ఞానదంతంతో మొదలైంది. పీకించుకున్నాక చిగుళ్లు వాచి పన్నెండు రోజులు నోరు తెరవలేకపోయారు. సూపులు, మెత్తగా ఉడికించిన కూరలు, అన్నీ నేనే మిక్సీలో వేసి ఇచ్చాను. పదమూడో రోజు వాపు తీసింది. ఇక పరిగెత్తుతారులే అనుకున్నాను. వెళ్లలేదు. మర్నాడూ వెళ్లలేదు. నేను నోరెత్తలేదు వదినా. ఎక్కడ గుర్తుచేసినట్టవుతుందోనని ఊపిరి బిగబట్టుకుని తిరిగాను.

మూడో వారంలో ఒకరోజు ముగ్గురం వ్యానులో వస్తున్నాం. అద్దాలు దించి ఉన్నాయి. సరిగ్గా ఆ షాపు ముందే సిగ్నల్ పడింది. ఆ నూనె వాసన ఎలా కొట్టిందంటే, నాకే నోరూరింది. అవును, నాకే! పిల్ల మెడ తిప్పి మరీ చూసింది. మీ తమ్ముడేమో ఏదో పాత భవనంలో లిఫ్టు తలుపు సరిగ్గా మూసుకోవట్లేదని, దాని కథంతా చెబుతున్నారు. చెబుతూనే ఉన్నారు. తల తిప్పలేదు. ముక్కు కూడా కదల్లేదు.

నా గుండెల్లో రాయి పడింది.

ఎందుకేంటి వదినా? ఉన్న పిచ్చి ఉన్నట్టుండి వదిలిందంటే కొత్త పిచ్చేదో పట్టినట్టు కాదూ? పైగా మనిషి సన్నబడ్డారు. బెల్టుకి కొత్త బెజ్జం అవసరమైంది. మేకు తీసుకుని తనే పొడుచుకున్నారు, ఈల వేస్తూ! పదమూడేళ్లలో ఈ ఇంట్లో ఈల వినలేదు నేను.

చొక్కాలు వాసన చూశాను. గ్రీజు. జేబులు వెతికాను. రెండు మరలు, నలిగిన రుమాలు. ఫోను కూడా చూశాను. తప్పే, కాదనను. దాంట్లో అన్నీ 'మూడో అంతస్తులో ఇరుక్కుపోయాం, త్వరగా రండి' అనే మెసేజీలే. ఒకావిడ మాత్రం పువ్వు బొమ్మ పెట్టి మరీ థాంక్స్ చెప్పింది. దొరికారు అనుకున్నాను. కూపీ లాగితే ఆవిడకి డెబ్బై ఎనిమిదేళ్లట, ముప్పావుగంట లిఫ్టులో చిక్కుకుపోతే ఈయన వెళ్లి బయటికి తీశారట.

నవ్వండి నవ్వండి. ఇంకా ఉంది.

టూల్ బాక్సు తెరిచాను. సాస్ ప్యాకెట్లు ఉండాల్సిన చోట ఒక డబ్బా. దాంట్లో కీరా ముక్కలు. అన్నీ ఒకే మందాన, కొలిచి కోసినట్టు. ఇది మగవాడి చేతి పని కాదే అనుకున్నాను. మీ తమ్ముడు కీరా కోస్తే ఎలా ఉంటుందో మీకు తెలియనిదా? డబ్బా పట్టుకుని పిల్లని నిలదీశాను. "నేనే కోసిచ్చానమ్మా, నాన్న అడిగారు" అంది. మరి నన్నెందుకు అడగలేదు? అదే అన్నాను. "నిన్నడిగితే ఎందుకు, ఏమిటి అని వంద ప్రశ్నలు వేస్తావని" అంది. ఎంత మాటంది చూడండి! వేస్తాను మరి, వేయనా?

ఇక ఉండబట్టలేక మా కళ్లజోళ్ల షాపులో సగం రోజు సెలవు పెట్టి, ఆ చికెన్ షాపులో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్నాను. ఊరికే కూర్చోనివ్వరు కదా, ఒక బర్గర్ తీసుకున్నాను. ఆరున్నర దాటింది. వ్యాను వచ్చింది. నేను మెనూ కార్డు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. సిగ్నల్ పడి ఉన్నంతసేపూ ఆయన ఇటు వైపే చూశారు, వదినా! అంటే షాపుని కాదు. షాపు పైన గడియారం ఉన్న బోర్డు ఉంది, అది చూసుకున్నారు. చూసుకుని, ఇంటి దారి పట్టారు.

కౌంటర్ అమ్మాయిని అడిగాను, లిఫ్టు పనిచేసే ఆయన రావడం లేదా అని. "రావట్లేదండీ, ఇల్లు మారారేమో అనుకున్నాం. ఒంట్లో బాగానే ఉందా?" అంది. ఆ పిల్ల కళ్లలో నిజంగానే దిగులు కనిపించింది. దాంతో ఈమె కూడా కాదని తేలిపోయింది.

పళ్ల డాక్టరు దగ్గరికీ వెళ్లాను. ఆ, వెళ్లాను! "మీరిచ్చిన ఇంజెక్షనులో ఏం కలిపారు?" అని మొహం మీదే అడిగాను. పాపం, ఆయన చేతిలో అద్దం అలాగే ఉండిపోయింది. కొంతమందికి రెండు వారాలు నోరు కట్టేస్తే ఆ యావ దానంతటదే పోతుందమ్మా, మంచిదే కదా అన్నాడు. నాకే చెవిలో పువ్వు పెట్టబోయాడు. పదమూడేళ్ల యావ పన్నెండు రోజుల సూపుకి పోతుందా?

చివరికి ఆయన్నే అడిగేశాను. పిల్ల బడికి వెళ్లాక, ఇక్కడే, ఈ బల్ల దగ్గరే.

"ఎవరు చెబితే మానేశారు?"

"ఎవరూ చెప్పలేదు."

"మరి?"

"తినాలనిపించట్లేదు."

"ఎందుకనిపించట్లేదు?"

"నాకేం తెలుసు? ఒకరోజు చూసుకుంటే లేదు. పోయింది."

అంత నెమ్మదిగా చెప్పారు వదినా. పాత గొడుగు ఎక్కడో మర్చిపోయొచ్చినట్టు. బాధా లేదు, గొప్పా లేదు. నేనేమో పదమూడేళ్లు ఏడ్చి, అరిచి, బతిమాలి సాధించలేనిది! ఒకరోజు చూసుకుంటే లేదట. మనిషికి ప్రాణంతో సమానమైనదే అలా చెప్పాపెట్టకుండా పోతే, ఇంకేదైనా పోదా? ఏ బుధవారమో పొద్దున లేచి, షేవింగు చేసుకుంటూ చూసుకుంటే, నేను కూడా...

ఉండండి, పొయ్యి తగ్గించి వస్తాను.

ఆ. ఏం చెబుతున్నాను? అయినా నాకు నమ్మకం కుదరలేదు. నాటకం ఆడుతున్నారేమో, నా ముందు మాత్రమే నిగ్రహం చూపిస్తున్నారేమో అనుకున్నాను. ఇంక చూడండి నా బుద్ధి. మొన్న శుక్రవారం నేనే వెళ్లాను. నాలుగు ముక్కలు, పెద్ద ఫ్రైస్, కారప్పొడి రెండింతలు. నా చేతుల్తో తెచ్చి, ఈ బల్ల మీద పెట్టి, పొట్లం విప్పి, ఆయన ముందుకి జరిపాను. పిల్ల నోరెళ్లబెట్టింది. "అమ్మా, నువ్వా తెచ్చింది?" అంది.

ఆయన పొట్లం వైపు చూశారు. నా వైపు చూశారు. "ఎందుకు తెచ్చావు?" అన్నారు.

"మీ కోసమే" అన్నాను.

కూర్చుని తిన్నారు. మొత్తం తిన్నారు. ఇదిగో, దొరికిపోయారు అనుకుంటూ ఎదురుగా కూర్చుని కళ్లార్పకుండా చూశాను.

వదినా, నా పని మీకు తెలుసు కదా. రోజుకి పాతికమంది ముక్కుల మీద కళ్లజోడు సరిచేస్తాను, జానెడు దూరం నుంచి మొహాలు చూస్తాను. ఫ్రేము నచ్చకపోయినా, నేను కష్టపడుతున్నానని జాలిపడి "బాగుందండీ" అనేవాళ్ల మొహం ఎలా ఉంటుందో నాకు కొట్టినపిండి. ఆయన మొహం అచ్చం అలాగే ఉంది. ఒకే వేగంతో నమలడం. కళ్లు గోడ మీద క్యాలెండరు వైపు. అయిపోయాక చేయి తుడుచుకుని, నన్ను చూసి చిన్నగా నవ్వి, "బాగుంది" అనడం.

నాటకం కాదని తెలిసింది. నిజంగానే పోయింది. దానికి కాదు నా ఒళ్లు చల్లబడింది.

ఆ మొహం నేను చూశాను వదినా. కొత్తది కాదు. రోజూ చూస్తున్నాను. ఇదే బల్ల దగ్గర, నేను వండి పెట్టినప్పుడల్లా, పదమూడేళ్లుగా అదే మొహం, అదే క్యాలెండరు, అదే "బాగుంది".

ఇదివరకు ఆ పొట్లం తినేటప్పుడు ఎలా ఉండేవారో గుర్తుందా మీకు? కళ్లు సగం మూతపడేవి. వేలు చివర ఉప్పు కూడా వదిలేవారు కాదు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే కసురుకునేవారు. దాన్ని చూసి ఒంటికాలి మీద లేచేదాన్ని నేను. ఆరోగ్యం కోసం అనేదాన్ని. అనుకునేదాన్ని కూడా.

నిన్న రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది. అన్నీ బాగున్నాయట. డాక్టరు ఆయన భుజం తట్టారట. ఆ కాగితం చూసి నాకు సంతోషం కలగలేదు. పాపిష్టిదాన్ని, మళ్లీ ఆ పిచ్చి పడితే బాగుండు అనిపించింది. అది ఉన్నన్నాళ్లూ, దాని వల్లే నా వంట రుచించడం లేదని సరిపెట్టుకోవడానికి ఉండేది. ఇప్పుడు ఎవర్ని తిట్టుకోను?

ఇంకొకటి చెబుతాను, ఆయనతో అనకండి. రాత్రి కూరలో ఉప్పు వేయలేదు. మర్చిపోయి కాదు, కావాలనే. చిటికెడు కూడా వేయలేదు. పిల్ల రెండో ముద్దకే "ఛీ" అని కంచం తోసేసింది. ఆయన పిల్ల వంక ఒకసారి చూసి, తల వంచుకుని అంతా తిన్నారు. మళ్లీ కొంచెం వేయమన్నారు కూడా. వేశాను. అదీ తిన్నారు.

"బాగుంది" అన్నారు.

ఏమంటారు? ప్రేమంటారా?

మీ తమ్ముడు కదా, మీరలాగే అంటారు. నేనూ రాత్రంతా అలాగే అనుకుందామని చూశాను. ఏమో వదినా... అయ్యుండొచ్చు. అంతకంటే ఏమీ లేకపోయి కూడా ఉండొచ్చు. ఏదైతేనేం, వచ్చే టైమైంది, కంచాలు పెట్టాలి. ఆ నీళ్ల జగ్గు ఇలా అందించండి.