ఆముదం పోసిన ఇంజను

"తాతా, కారు డిక్కీల గీ ఆముదం సీస ఎందుకున్నది? పారెయ్యనా?"

పారెయ్యకు బిడ్డా, పారెయ్యకు. యాడ దొరికిందో ఆడనే పెట్టు. పెట్టి ఇట్ల వచ్చి కూసో. జెర గా కుర్చి ఇటు జరుపు, మోకాళ్లు వంగుతలేవు నాకు. ఆఁ. గది మీ బాపమ్మది. తలకు రాసుకునేదనుకున్నవా? కాదు. ఇంజనుల పోసింది.

నవ్వుతున్నవా? నవ్వు. నాకైతే గప్పుడు నవ్వు రాలే.

గీ కారు కొన్ననాడు మీ నాయిన ఇంక బడికి గూడ పోతలేడు. మేడిపల్లి నుంచి కోరుట్లకు, జగిత్యాలకు కిరాయిలు కొడుతుంటి. పెండ్లిండ్లకు, దవాఖానకు, ఏములాడ గుడికి మొక్కులకు. పెట్రోలు గింత పిరం లేకుండె. జనం గూడ గింత తొందర లేకుండె. కారుల ఎక్కినమంటేనే సంబురం ఆళ్లకు... ఏమంటున్న నేను? ఆఁ, ఇంజను. పొగ వెడుతున్నదని ఇంజను దించి సిరిసిల్లల ఇంజన్లు బాగుచేసే బోరింగాయనకిచ్చిన. ఆయన మంచిగ చేసిండు. కొత్త పిస్టన్లు, కొత్త రింగులు, అన్ని ఏసి బిగిచ్చిండు. ట్రాలీల ఏసుకొని ఇంటికి తెచ్చిన. ఇగ కారుల ఎక్కిచ్చి స్టార్ట్ చేసుడొక్కటే ఉన్నది. గంతల్నే మస్కట్ వీసా అచ్చింది.

పోవుడు తప్పకుండె. ఎందుకని అడగకు, గా కాలంల మన దిక్కు ఇంటికొకరు పోయిన్రు.

ఇంజనును అర్రల మూలకు రెండు దుంగల మీద పెట్టి మీ బాపమ్మను పిలిచిన. "నర్సవ్వా, దీన్ని ఉత్తగ ఉంచితే లోపల తుప్పొచ్చి పట్టేస్తది. అమాస అమాసకు గీ ప్లగ్గులు విప్పి, ఒక్కో బొక్కల చెంచెడు నూనె పొయ్యి. ముందల హ్యాండిలేసి మెల్లగ తిప్పు. మళ్ల ప్లగ్గులు పెట్టి బట్ట కప్పు" అన్న. అమాస అని ఎందుకన్ననంటే, తారీకులు ఆమెకు యాదికుండయి, అమాస మాత్రం మరువది. ఇంజనాయిలు డబ్బ ఒకటి పక్కకు పెట్టి పోయిన.

రెండేండ్లకే అస్త అని పోయిన. రెండేండ్లు ఎన్ని రెండేండ్లయినయో ఇప్పుడు లెక్కవెట్ట బుద్ధైతలేదు. మధ్యల సెలవుకు అచ్చిన గని, బట్ట ఎత్తి సూసుడు, కప్పుడు, గంతే. మళ్ల పోయేటోనికి ఇంజను తోని ఏం పని?

గప్పుడు ఫోన్లు యాడియి? టేపు క్యాసెట్లల మాట్లాడి, అచ్చేటోళ్లతోని పోయేటోళ్లతోని పంపుకునేది. ఒకపారి ఇంటి ముచ్చట్లన్ని అయినంక మీ బాపమ్మ, "ఇగో ఇను" అన్నది. గర్రు... గర్రు... అని చప్పుడు. ఇంజను తిప్పుతున్నది! మస్కట్ల నా రూముల ఉన్నోళ్లంత నవ్విన్రు, నీ పెండ్లం పిండి గిర్ని నడుపుతున్నదారా అని. నేను గూడ నవ్విన. అందరు పండుకున్నంక దుప్పటి కప్పుకొని ఏడ్సిన. నీకాడ దాసుడెందుకు బిడ్డా, ఏడ్సిన.

ఆఖరుకు కంపెనీ మూసిన్రు, వాపస్ అచ్చిన. నేనచ్చేసరికి ఈడ తెలంగాణ లొల్లి మస్తు జోరు మీదున్నది. బస్సులు బంద్, బడులు బంద్, దుకాన్లు ఒకనాడు తెరిస్తే రెండునాళ్లు బంద్. రోడ్ల మీద వంటలు. జగిత్యాల ఏజెంటు కబురు పంపిండు, ఇంకో వీసా ఉన్నదని. అచ్చినంక పాస్‌పోర్టు ఆయనకే ఇచ్చి ఉంటి. "ఐతారం దాకనే టైము, పోతవా పోవా" అన్నడు.

నాకు పానం ఒల్లలే బిడ్డా. గా ఎండలకు, గా రూములకు మళ్ల పోబుద్ధి కాలే. గని ఈడ ఏం జేసుకొని బతుకాలె? మీ బాపమ్మ పో అనలే, ఉండు అనలే. అన్నం పెట్టుకుంట గింతే అన్నది. "బస్సులు లేకపాయె. కారుంటే జనం ఎక్కుతరు గదా."

నేను మూలకు సూసిన. ఇంజను నడిస్తే ఇంటికాడుంట, నడవకుంటే మస్కట్ పోత. గంతే ఇగ.

బట్ట తీసిన. ఆమె పాత చీర గది, దుమ్ము గూడ లేదు. హ్యాండిలేసి తిప్పితే తిరిగింది గని, బరువు. బంకల కాలు వెట్టినట్టు. ప్లగ్గు విప్పి సూద్దును గదా, మూతికి పచ్చగ జిగట పేరుకున్నది. ఏలు పెడితే అంటుకున్నది.

"నర్సవ్వా, ఏం పోసినవే దీంట్ల?"

"నూనె."

"నేను పెట్టిపోయిన డబ్బలదేనా?"

"అది ఎన్నడో ఒడిసె. ఆముదం వండి పోసిన. మా నాయిన ఎడ్లబండి ఇరుసుకు గదే పోస్తుండె. ఎన్నేండ్లు తిరిగినా ఇరుసు అరగది."

ఇగ ఏమంటవు? ఆముదం పాతవడితే లక్క తీరు గట్టిపడ్తది బిడ్డా. రింగులు పిస్టన్లకు అతుక్కపోతయి, వాల్వులు ఇరుక్కుంటయి. గట్లనే స్టార్ట్ చేస్తే ఉన్నది గూడ ఇరుగుతది. దాని ముందల కూలవడ్డ. ఆమె నా మొకం సూసింది, లోపలికి పోయింది. గానాడు ఇద్దరం తినలే.

తెల్లారి ఇంజను మీది హెడ్డు విప్పిన. గ్యాసునూనె, గదే కిరసనాయిలు, పోసి నానవెట్టిన, కరగలే. పొద్దంత గీకిన, ఏళ్లు పొక్కినయి. ఎనుకింటి కట్టెపని వడ్లాయన బల్లలకు పాలీసు పెట్టే స్పిరిటు ఇచ్చిండు. గది పోస్తే మెల్లగ ఇడిసింది. పిస్టన్లు గుంజి బయటికి తీసిన, రింగులు ఒక్కొక్కటి కదిలిచ్చిన. గప్పుడు సిలిండర్ల సూసిన బిడ్డా. అద్దం లెక్క ఉన్నయి! బయట కారు డోర్లు తుప్పు తిని జల్లెడైనయి, గీ లోపల తుప్పు సుక్క లేదు. మామూలు నూనెనైతే ఎప్పుడో జారిపోతుండె, ఆముదం వట్టుకొని ఉన్నది.

పిలిచి సూపిచ్చిన. "బాగున్నదా, కరాబైందా?" అన్నది భయంతోని.

"బాగున్నది" అన్న. కొంగు తోని మొకం తుడుసుకున్నది.

మళ్ల హెడ్డు బిగియ్యాలంటే నడుమ ఏసే గ్యాస్కెట్టు రేకు కొత్తది కావాలె. కోరుట్లల బంద్, జగిత్యాలల బంద్. ఆమె పోయి ట్రంకు పెట్టె తెరిచింది. పెండ్లి పట్టుచీర మడతల్ల ఉన్నది గ్యాస్కెట్టు. బోరింగాయన ఎక్కువది ఒకటి ఇచ్చిండె, నేనే మరిచిన. ఆమె దాసింది.

ఇంజను ఎక్కిచ్చుడు ఒక్కని తోని అయితదా? మనూరోళ్లే, కోరుట్ల డిపో డ్రైవర్లు, సమ్మెల ఇంటికాడ ఖాళీగ ఉండిరి. దుంగకు తాడు కట్టి నలుగురు భుజాన మోసిన్రు. "మేం బస్సులు బంద్ వెడితే నువ్వు కారు తీస్తున్నవా?" అని తిట్టుకుంటనే మోసిన్రు. తిట్టుకుంటనే బోల్టులు గూడ బిగిచ్చిన్రు.

శనివారం నాడు స్టార్ట్. కొత్త నూనె పోసిన, నీళ్లు పోసిన, డ్రైవర్లు తెచ్చిన బ్యాటరీ తగిలిచ్చిన. ప్లగ్గులు పెట్టకుండనే ముందుగాల మస్తుసేపు తిప్పిన, నూనె అంతట పారాలె గదా. నూనె మీటర్ల ముల్లు లేసినంక ప్లగ్గులు పెట్టి, కార్బొరేటర్ల ఇంత పెట్రోలు పోసి, సెల్ఫు కొట్టిన. దగ్గింది. మళ్ల కొట్టిన. దగ్గింది, ఆగింది. మూడోపారి అందుకున్నది బిడ్డా! అందుకున్నది గని ఏం పొగ! వాకిలంత తెల్లగ పొగ, పొగంత ఆముదం వాసన. లోపల ఇంక యాడనో మిగిలిందే కాలుతున్నది. డ్రైవర్లు ముక్కులు మూసుకొని ఉరికిన్రు. మీ బాపమ్మ మాత్రం ఆ పొగలనే నిలవడ్డది. అచ్చి కారు కిటికీ పట్టుకున్నది.

"గిన్నేండ్లు నేను తిప్పిన. ఇగ నువ్వు తిప్పుకో" అన్నది.

ఐతారం నాడు ఆమెను ముందల కూసోవెట్టుకొని జగిత్యాల పోయి పాస్‌పోర్టు అడిగి వాపస్ తెచ్చుకున్న. దారిల పిలగాండ్లు ఆపి బానెటుకు జెండ కట్టిన్రు. ఆమె కిటికీల కెళ్లి సూసుకుంట కూసున్నది. మళ్ల నేను యాడికి పోలే.

ఇప్పుడు కారు తీస్తలేను. నా కండ్లు ఆనుతలేవు, ఆమె పోయి ఏడాదాయె. అమ్మమంటడు మీ నాయిన. అమ్ముతం తియ్యి, తొందరేమున్నది... అమాసకు నేనే తిప్పుతున్న. ఇంజనాయిలే పోస్తున్న. గా సీస ఉత్తగుంటది. మూత తీసి వాసన సూసి పెడ్త, గంతే.

అలిసిన బిడ్డా, ఇగ చాలు. నువ్వు సల్లగుండాలె, నీ ఇల్లు సల్లగుండాలె. మూత గట్టిగ పెట్టినవా? ఆఁ... పోయేముందు జెర నీ ఫోన్ల సూడు, అమాస ఎన్నడున్నదో...