బోణీ కంప్యూటరు

హలో… ఆఁ, నేనేరా సంతోషూ, చోడారం రాజ్యం పిన్నిని… కుశలప్రశ్నలు తరవాత. ఎక్కడున్నావు?… అనకాపల్లిలోనా? అయితే సేతిలో పని ఒగ్గీసి నా మాట ఇను.

మళ్ళీ లాకయిపోనాది… ఏటేటి? మన ఎరువుల కొట్లో కంప్యూటర్రా! నువ్వే కదా వైర్లు లాగి అన్నింటినీ ఒకదానికొకటి కలిపేవు… ఆ. నా పేరుతో లోపలికెల్దామంటే ఎల్లనివ్వదు. పాస్‌వర్డ్ సరిగ్గానే కొడతన్నాను, అకౌంట్ లాక్ అంటాది.

ఎప్పట్నించా? ఆ కళ్యాణ్‌గాడు ఇక్కడ మానీసి ఎదురుకొట్లో సేరిన కాడ్నించి… ఆడు కాకపోతే ఇంకెవుడురా? మీ బాబాయి పోయినాక ఆడిని ఇంటి గుంటడిలాగ సూసుకున్నాను. నా సేత్తో అన్నం పెట్టేను. ఊడుపుల రోజుల్లో, కొట్టు నిండా జనం ఉండగా, ఎదుటోళ్లు పిలిస్తే ఎలిపోయేడు. దొంగ సచ్చినోడు!

…మెల్లిగానా? నాకేటి భయం? ఆడూ ఇక్కడే ఉన్నాడు. గుమ్మం దగ్గిర నిలబెట్టేను. ఆడి కొత్త ఓనరు ఉదయ్‌కుమార్ గారిని కూడా పిలిపించేను… ఆ, కుర్చీలో కూకున్నారు, కూల్‌డ్రింకు తెప్పించేను. మీవోడు నా కంప్యూటర్లోకి దూరతన్నాడండీ అంటే, రుజువు సూపించండమ్మా, ఈ నిమిషమే పన్లోంచి తీసేస్తాను అన్నారు. ఆ రుజువు నువ్వే సూపించాల. స్పీకరు పెట్టేను, అందరూ ఇంటారు.

…పాపమా? పొద్దున్నే ఆడి తల్లి వచ్చి నా కాళ్లు పట్టుకున్నాది. ఆడి జీతం మీదే ఇల్లు గడవాలట. కదిలేనేటి? కదల్లేదు. ఆడికి ఈ వీధిలో ఇంకెవులూ పనివ్వకూడదు.

పాస్‌వర్డ్ మార్చేనా అంటావేటి? ఆడు గుమ్మం దాటిన రోజే మార్చీసేను! ఏటి పెట్టేనో నీకు సెప్పను గానీ, కొట్టినప్పుడల్లా కడుపు సల్లబడతాది.

…ఉండుండు, మళ్ళీ సెప్పు. తప్పు పాస్‌వర్డ్ అదేపనిగా కొడితేనే లాకవుతాదా? అంటే ఎవుడో పాతది పట్టుకుని కొడతన్నాడన్నమాట! పాతది తెలిసినోడు ఎవుడు? ఇన్నారా ఉదయ్‌కుమార్ గారూ?… ఒరే కళ్యాణూ, తలొంచుకున్నావేటిరా? తలెత్తి ఇను!

…ఏ టైముకా? పొద్దున్నే. కొట్టు తీసి, లోపలి గదిలో మీ బాబాయి ఫొటోకి దీపం పెట్టుకుని, వచ్చి కౌంటర్లో కూకునీసరికి లాకు. కొంతసేపటికి దానంతట అదే ఒగ్గీస్తాది… ఆదివారాలా? ఆదివారం కొట్టు తియ్యం, లాకూ రాదు. ఆదివారం ఆడికీ సెలవే కదా!… మొన్న నేను వడ్డాది పెళ్లికెల్లేనా, మన కొట్లో పనిసేసే రేవతి తాళాలు తీసింది. ఆ రోజు కూడా రాలేదు… ఎందుకేటి? నేను లేనని ఆడికి తెలుసు. ఎదురుగుండానే ఉంటాడు, కనిపెట్టుకునే ఉంటాడు.

సరే, కంప్యూటర్లన్నింటినీ నువ్వు కలిపిన ఆ పెద్ద డబ్బా ముందు కూకున్నాను. నీ పేరుతోనే తెరిసేను. సెప్పు… ఆ… నొక్కేను… వచ్చింది. ఓలమ్మో! తెర నిండా నా పేరేరా, వరసగా ఎర్రగీతలు! సూడండి ఉదయ్‌కుమార్ గారూ, ఎన్నిసార్లు దూరబోయేడో!

…పక్కనా? ఏ కంప్యూటర్లోంచి కొట్టేరో పక్కనే ఉంటాదా? ఉండు, కళ్లజోడు పెట్టుకోనీ. గట్టిగా సదువుతాను, అందరూ ఇనండి. బి… ఓ… ఎన్… ఐ…

…

ఉండరా, స్పీకరు తీస్తన్నాను… ఏటీ లేదండి, సిగ్నల్ సరిగ్గా లేదు. మీరు తాగండి.

…ఆ, ఇంటన్నాను. బోణీయే. మీ బాబాయి కంప్యూటరు. తొలి బిల్లు దానిమీద కొట్టేరని ఆయనే పెట్టేరు ఆ పేరు… పడీమన్నావు, గుర్తుంది. ఎలాగ పడేస్తాను? ఫొటో కింద బల్లమీద పెట్టేను. రోజూ దీపం ఎలిగించి, దాన్ని ఆన్ సేసి, అప్పుడే కౌంటర్లోకొస్తాను. ఆయన బోణీ అయినాకే నా బోణీ. దీపం కొండెక్కినాక ఆపీస్తాను.

…దానికి పాత పాస్‌వర్డే గుర్తుందా? ఆన్ సేసినప్పుడల్లా అదే కొట్టుకుంటూ… దానంతట అదేనా?… అంటే నేను… 

సరిగ్గా సూడరా! ఇంకో పేరేదీ లేదా? ఒక్కటి?… అంత పెద్ద వరసలో ఒక్కటైనా?

సంతోషూ, మెల్లిగా సెప్తన్నాను, ఇను. నువ్వు ఉదయ్‌కుమార్ గారితో, ఎవుడు సేసేడో తేల్లేదండి అని ఒక్క ముక్క సెప్పీ. మిగతాది నేను సూసుకుంటాను… అబద్ధమేటిరా, సగమే కదా!… నేను నీకు పిన్నినా, ఆడికి పిన్నినా?… ఛీ! నువ్వూ ఆడివైపే.

…ఏటండి? ఆ… తెలిసిందండి… లోపలి గదిలో కంప్యూటరట… మాదే. ఇంకెవులిదీ కాదు… మీవోణ్ని పన్లో ఉంచొచ్చా అని నన్నడుగుతారేటి? మీ ఇష్టం. ఉంచుకోండి.

ఒరే, ఇప్పుడేటి సెయ్యాల?… ఆపీమంటావా? ఆపను. ఆయన ఫొటో ముందు అది ఎలగాల్సిందే… కొత్త పాస్‌వర్డ్ దానికీ ఇస్తే సాలా? అంతేకదా, నేనే కొడతాను. లోపలికెల్తన్నాను…

సంతోషూ. అక్షరాలు కనిపించడం లేదురా… కళ్లజోడు ఉన్నాది. కీబోర్డు మీద లేవు. రోజూ మీటమీటకీ పసుపూ కుంకం పెడతాను గదా, పేరుకుపోనాది. గోటితో గీకినా రాడం లేదు… 

సూడకుండా కొట్టగలిగినోడు ఆడొక్కడే. నువ్వు సెప్పక్కర్లేదు, నాకు తెలుసు.

…ఏటిరా కళ్యాణూ? నిన్నెవుడు పిలిసేడు?… సెప్పులు బయటిప్పేవా?… ముందు ఆయనకి దండం పెట్టు. ఆ. కూకో.

ఉదయ్‌కుమార్ గారూ, మీరు ముందు గదిలో… సరే, అక్కడే నిలబడండి.

సంతోషూ, ఆడు కొత్త పాస్‌వర్డ్ సెప్పమంటన్నాడు. ఇంకేదైనా పెట్టుకోవచ్చేటి, ఇప్పుడే?… మార్చాలన్నా ముందు ఉన్నదే కొట్టాలా?… ఇంకే దారీ లేదా?… నవ్వకు, ఎదవా!

కొట్టరా. కె… ఏ… ఎల్… వై… ఏ… ఎన్… ఆ, నీ పేరే. మురిసిపోకు, ఇంకా ఉన్నాది.

డి… ఓ… ఎన్… జి…

…సరిగ్గానే ఇన్నారండి. దొంగ. కళ్యాణ్ దొంగ. అదే పెట్టేను.

ఆపీసేవేటిరా?… నావైపు సూడకు. తెరవైపు సూడు… ఆఖర్న ఇంకో ఏ ఉన్నాది. కొట్టు.

కొట్టరా బాబూ…

ఒరే సంతోషూ, నువ్వింకా ఇంటన్నావేటి? పెట్టీ. ఫోను పెట్టీ.