నాంచారమ్మ తెల్లన్నం, బంగారి పిల్లలు

నాంచారమ్మకి కోడంటే ప్రాణం. ఏ కోడో అనుకునేరు, పుట్టింటి కోడి. పెళ్లై అత్తగారింటికి బయల్దేరేటప్పుడు వాళ్లమ్మ ఒక నల్లపెట్టని తెచ్చి చంకలో పెట్టిందంట. "అమ్మీ, నీకియ్యడానికి నా దగ్గర ఇంతకన్నా ఏం లేదే, దీని పిల్లల్ని చూసినప్పుడల్లా నన్ను తల్చుకో" అందంట. ఆ తల్లి పోయింది, ఆ పెట్టా పోయింది, కానీ దాని పిల్లలు, పిల్లల పిల్లలు ఇల్లంతా తిరిగేయంట. అన్నీ నలుపే, మెడకాడ మాత్రం పసిమి ఈకలు. అట్టా ఉండగా ఏమైందంటే, ఒక ఎండాకాలం కొక్కెర తెగులు వచ్చింది. పొద్దున మేత తిన్న కోడి సాయంత్రానికి మెడ వాల్చుద్ది, మీకు తెలుసుగా. వాడంతా కోళ్లు రాలిపోయినయ్. నాంచారమ్మకి ఒక్కటంటే ఒక్క పెట్ట మిగిలింది. దాని పేరు బంగారి. ఇంక దీనికి పిల్లలు కాకపోతే వాళ్లమ్మ ఇచ్చిన వరస అంతటితో సరి. ఆమెకి అదే బెంగ, కూర్చున్నా అదే, లేచినా అదే.

ఇంకో సంగతి చెప్పాలి, లేకపోతే కథ మీకెక్కదు. నాంచారమ్మ చిన్నప్పుడు వాళ్లింట్లో జొన్నన్నం, సజ్జసంగటి తప్ప వేరే తెలీదు. తెల్లన్నం అంటే పండగరోజు ఒక్క పిడికెడు. తర్వాత కాలవ నీళ్లొచ్చినయ్, మెట్టచేలు మాగాణయినయ్, ఇంట్లోకి వడ్లు దిగినయ్. అప్పుడామె ఒట్టేసుకుందంట, ఈ ఇంట్లో మనిషేంది, కోడి కూడా తెల్లన్నమే తినాల అని. మిల్లుకి పోయి మల్లెపూవులాగ తెల్లగా వచ్చిందాకా ఆడించుకొచ్చేదంట. మరి తవుడో? "ఛీ, తవుడేంది మనకి" అని పక్కింటి మస్తాన్‌బీకి గంప గంప ఎత్తిపోసేది. మస్తాన్‌బీ వద్దంటుందా? "ఇయ్యి అక్కా, ఇయ్యి" అని గోడమీంచి అందుకునేది. ఏమే ఆదెమ్మా, నవ్వుతానే మిరపకాయల ముచ్చికలు తీయి, ముచ్చిక తీయకుండానే కాయల్ని గుట్టలో కలుపుతన్నావు, నేను చూట్టంలేదనుకున్నావా!

సరే, తెగులు పోయింది గానీ నాంచారమ్మకి భయం పోలేదు. బంగారిని బయటికి వదిల్తే ఒట్టు. గంపకింద పెట్టి, మూడుపూటలా తెల్లన్నంలో నెయ్యేసి ముద్దలు చేసి పెట్టేదంట. పురుగు ముట్టనీదు, ఆకు ముట్టనీదు. బంగారి బలిసి గుండ్రాయిలాగ తయారైంది. మస్తాన్‌బీ పుంజు మాత్రం రోజూ గోడ దూకి వచ్చి, గంప ఎప్పుడెత్తుతారా అని చూసేదంట. దాని పని అది చేసుకుపోయేది, దాన్ని మనం తప్పుబట్టకూడదు. గుడ్లు పెట్టింది, పదమూడు. నాంచారమ్మ మంచిరోజు చూసి, గంపలో వరిపొట్టు పోసి, ఉరుములకి గుడ్లు మురిగిపోకుండా ఇనపముక్క, ఎండుమిరపకాయ, బొగ్గు అన్నీ పెట్టి, బంగారిని పొదగేసింది. ఇరవయ్యొకటో రోజు చూస్తే ఏముంది? ఎనిమిది గుడ్లు మురిగినయ్. పిల్లలైనవి అయిదే. ఆ అయిదింటికీ కాలివేళ్లు ఇదిగో ఇట్టా, గుప్పిట మూసినట్టు లోపలికి ముడుచుకుపోయినయ్. నిలబడలేవు, మోకాళ్లమీద దేక్కుంటా పోతయ్. వారం తిరక్కుండా అయిదూ పోయినయ్.

నాంచారమ్మ ఏడ్చింది చూడండి, వాళ్లమ్మ పోయినప్పుడు కూడా అంత ఏడవలేదంట. ఏడుపయ్యాక కోపం వచ్చింది. ఉరుములన్నది. పొట్టులో దోషమన్నది. ఆఖరికి ఏం చేసింది? మస్తాన్‌బీ కళ్లు పడ్డయ్ అన్నది. ఎందుకంటే గోడవతల మస్తాన్‌బీ ఎర్రపెట్ట పదమూడు పెడితే పన్నెండు పిల్లల్ని లేపింది, ఆ పిల్లలు పెంటకుప్ప మీద పరుగో పరుగు. "దాని కోడి పిల్లలెట్టా బతికినయ్, నా కోడి పిల్లలెట్టా పోయినయ్? దిష్టి కాకపోతే ఏంది?" అని మాటలు మానేసింది. మాటలు మానేసింది గానీ తవుడు ఇయ్యడం మానలేదు. మాట్లాడకుండా గోడమీద పెట్టి పోయేది. కోపం కోపమే, తవుడు తవుడే.

ఇప్పుడు కోడలి సంగతి. నాంచారమ్మ కోడలు తిరపతమ్మ. అప్పటికి మూడోనెల. తొలిచూలు. నాంచారమ్మకి కోడలంటే ప్రేమే, నేను కాదన్ను. ప్రేమతోనే పళ్లెంనిండా తెల్లన్నం పెట్టేది, మీద నెయ్యి, పక్కన తేటచారు. తిరపతమ్మకేమో గోంగూర తినాలనుంది, మునగాకు తినాలనుంది, కోడిగుడ్డు తినాలనుంది. "అత్తా, కాస్త మునగాకు వేపుడు చెయ్యనా?" అంటే, "అమ్మో, ఆకు తింటే బిడ్డకి పసరు చేసిద్ది." "పోనీ గుడ్డు?" "గుడ్డు తింటే బిడ్డకి బోడిగుండొచ్చిద్ది." "జొన్నరొట్టె?" "మా అమ్మ తినలేక తిన్న తిండే అది, నీకేం ఖర్మ, తెల్లన్నం తిను." ఆ పిల్ల ఏం చేసిందంటే, అత్త చేనికి పోంగానే గోడ దిగి మస్తాన్‌బీ ఇంట్లో కూర్చునేది. ఆమె జొన్నరొట్టె కాల్చి, మునగాకు వేపి, గుడ్డు కొట్టి పోసిపెట్టేది. ఇదంతా నేను చూశానా అంటే, చూళ్లేదని చెప్పలేను, చూశానని చెప్పలేను. మీరు పని కానియ్యండి, ఆ సంగతి తర్వాత చెప్తా.

అక్కడ తిరపతమ్మకి ఒకటి కనపడింది. మస్తాన్‌బీ గుడ్డు పగలగొడితే సొన ఎట్టుందంటే, గుమ్మడిపండు ముక్కలాగ నిగనిగలాడతంది. ఇంట్లో బంగారి గుడ్డొకటి చేయిజారి పగిలితే, దాని సొన పాలిపోయి నిమ్మతొక్కలాగ ఉంది. పెంకు కూడా కాగితం. "చిన్నత్తా, నీ కోడికేం పెడతావు?" అని అడిగితే మస్తాన్‌బీ, "నేను పెట్టేదేందమ్మా, మీ అత్తిచ్చిన తవుడు. మిగతాది అదే చూసుకుంటది. చెదలు తింటది, మునగాకు పీకుతది, నత్తగుల్లలు నలగ్గొట్టి పోస్తే అవీ తింటది" అన్నదంట. ఆ మాట తిరపతమ్మ బుర్రలో పడింది.

ఈసారి బంగారీ, ఎర్రపెట్టా ఒక్క వారంలోనే పొదుగుకొచ్చినయ్. నాంచారమ్మ మళ్లీ పదమూడు గుడ్లు వేసి, దణ్ణంపెట్టి నీళ్లకి పోయింది. బిందె నిండేలోపల కోడలు ఏం చేసిందనుకున్నారు? బంగారి గుడ్లన్నీ ఒళ్లోవేసుకుని గోడవతల ఎర్రపెట్ట కింద పెట్టింది, ఎర్రపెట్ట గుడ్లు తెచ్చి బంగారి కింద పెట్టింది. అయిదోనెల కడుపుతో! బంగారి చేతిమీద రెండు పొడిచింది, అంతే.

ఇరవయ్యొకటో రోజు పొద్దున నాంచారమ్మ గంప ఎత్తిందంట, కిచకిచమని పదకొండు పిల్లలు! గట్టి కాళ్లు, ఒకటి గంప అంచెక్కి దూకింది. నాంచారమ్మ కేక పెట్టింది. "అమ్మా, నీ వరస నిలబడిందే అమ్మా!" అని వాకిట్లో గిరగిరా తిరిగింది, పోయేవాళ్లని పిల్చి బెల్లం పెట్టింది. అందరూ తిన్నారు. తర్వాత పిల్లల్ని ఒళ్లోకి తీసుకుని చూసుకుంటే, ఏందీ, నల్లది ఒక్కటీ లేదు. అన్నీ ఎరుపే. "ఏందే ఇది?" అంటే, తిరపతమ్మ తల వంచుకుని, "అత్తా, కొట్టినా కొట్టు గానీ ఒకసారి గోడవతలికి రా" అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. అక్కడ ఎర్రపెట్ట కింద నాలుగు నల్లపిల్లలు. నాలుగింటికీ వేళ్లు ముడుచుకునే ఉన్నయ్.

"ఉరుములైతే రెండు గంపలకీ ఉరిమినయ్. దిష్టైతే ఇది చిన్నత్త ఇల్లే గదా, ఆమె కోడికెందుకు తగిలిద్ది? పుంజూ ఒకటే. తేడా గుడ్లోనే ఉందత్తా. నువ్వు పెట్టే తెల్లన్నంలోనే ఉంది" అన్నదంట. నాంచారమ్మ అక్కడే కూలబడింది. "నేను ప్రేమగా పెట్టానే" అన్నది. మస్తాన్‌బీ వచ్చి పక్కన కూర్చుంది. "నీ ప్రేమ నాకు తెలీదా అక్కా. ఆ ప్రేమంతా తవుట్లో పోయి మా ఇంటికొచ్చింది" అన్నది. నాంచారమ్మకి ముందు ఏడుపొచ్చింది, ఏడుపులోనే నవ్వొచ్చింది. రెండు నెలల తర్వాత వాళ్లిద్దరూ మాట్లాడుకోవడం అదే.

ఎర్రపిల్లల్ని ఎర్రపెట్టకే అప్పజెప్పారు, నల్లవాటిలో ఒక్కటీ దక్కలేదు. ఆ రోజే నాంచారమ్మ బంగారి మీద గంప తీసేసింది. అదేమో మొదట పెంటకుప్పని చూసి బిత్తరపోయిందంట, కాలు పెట్టాలంటే రోత! రెండోరోజుకి ఎర్రపెట్టని తరిమి మరీ చెదలు తింది. నాంచారమ్మ తవుడు తడిపి పెట్టేది, సజ్జలు చల్లేది, నత్తగుల్లలు దంచేది. ఒకరోజు మునగాకు దూసి బంగారికేస్తంటే, తిరపతమ్మ గుంజకి ఆనుకుని చూస్తా చూస్తా, "నేను కూడా కోడినై పుట్టినా బాగుండేదత్తా" అన్నదంట.

నాంచారమ్మ చెయ్యి ఆగిపోయింది. కోడలి మొహం చూసింది, కడుపు చూసింది. "అమ్మో, అదే తెల్లన్నం నీక్కూడా పెట్టానే! నా చేతుల్తో నేనే పెట్టానే!" అని నెత్తి కొట్టుకుని కోడల్ని వాటేసుకుంది. అప్పటికప్పుడు పొయ్యి రాజేసి మునగాకు వేపి, బంగారి గుడ్డు కొట్టిపోసింది. సొన చూస్తే గుమ్మడిపండు రంగు. తిరపతమ్మ తింటా తింటా ఇంక దాచలేక, "అత్తా, నేను మూడోనెల నించీ చిన్నత్త ఇంట్లో ఇవే తింటన్నా" అన్నది. "ఎంత దొంగముండవే!" అని నాంచారమ్మ ఒక్కటేసి, రెండో గుడ్డు కూడా కొట్టి పోసిందంట.

బంగారి మళ్లీ గుడ్లు పెట్టింది, మళ్లీ పొదిగింది. ఈసారి పదమూడుకి పన్నెండు. అన్నీ కాకినలుపు, ఒక్కోటి గింజుకుంటంటే పిడికిట్లో పట్టలేం. వాళ్లమ్మకి చూపిద్దామంటే ఫోటో లేదు గదా, నాంచారమ్మ వాటిని ఆకాశానికి ఎత్తి చూపించిందంట. ఆ పిల్లలు లేచిన అయిదోరోజు తిరపతమ్మ కనింది. మంత్రసాని బయటికొచ్చి ఆడపిల్ల అని చెప్పబోతంటే నాంచారమ్మ వినిపించుకోలేదు, గుడ్డ విప్పి ముందు కాళ్లు పట్టుకుంది. వేళ్లు ఒక్కోటీ లాగి చూస్తంది. "ఏందమ్మో, లోకమంతా ఆడా మగా అని చూస్తే నువ్వు కాలివేళ్లు చూస్తావేంది!" అని మంత్రసాని నవ్వుతానే ఉందంట. "పదీ తిన్నగా ఉన్నయ్యే మస్తానూ!" అని నాంచారమ్మ గోడమీంచి అరిచింది. అవతల్నించి మస్తాన్‌బీ, "ఉండకేం, నా జొన్నరొట్టెలు ఊరికే పోతయ్యా!" అన్నది.

చూశావా అని అడుగుతారేమో. ఇదిగో, ఈ చెప్పు తీస్తన్నా, చూడండి. పదీ తిన్నగా ఉన్నయ్యా లేదా? అప్పుడు మా అమ్మ కడుపులోపల్నించి ఏం కనపడుద్ది నాకు, అంతా మా అమ్మా, మా నాయనమ్మా చెప్పిందే. ఆ నల్లకోళ్లు ఇప్పటికీ నా వాకిట్లోనే తిరగతన్నయ్. మీరంతా ఇంకా మల్లెపూవులాంటి బియ్యం ఆడించుకుని, తవుడు తెచ్చి నా గోడమీద పెట్టిపోతన్నారు గదా, పెట్టండి పెట్టండి. నేను వద్దన్ను, నా కోళ్లు అసలే వద్దనవు.