గడియ వేయలేదు

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, నా పాటల్ని పాడి బతికించినవారికి, పాడి చంపినవారికి కూడా నమస్కారం. (నవ్వులు)

ముప్పై ఐదేళ్లు రెండు భాషల్లో పాటలు రాసి, ఇవాళ్టితో కలానికి మూత పెడుతున్నాను. ఆ రెండు భాషలూ నాకు రెండు కళ్లని అధ్యక్షులవారు ఇందాక అన్నారు. అందులో ఒక కంటికి మొదటినుంచీ అద్దం కావాల్సి వచ్చిందని వారికి తెలియదు. ఆ అద్దం మూడో వరుసలో కూర్చుని, ఇక నోరు మూసుకోమని నాకు సైగ చేస్తోంది.

తెలుగు మా అమ్మ దగ్గర వచ్చింది. రెండోది పుస్తకం చూసి నేర్చుకున్నాను. ఆ భాషలో నా మొదటి పాటకి రిహార్సల్ జరుగుతోంది. ప్రియుడు 'నీ కోసం ఎదురుచూస్తా' అనాలి. బాణీలో దీర్ఘం పట్టలేదు. ఏం పోయిందిలే అని కుదించేశాను. దీర్ఘం తీసేస్తే ఆ మాటకి 'తోలు తీస్తా' అని అర్థమట. (నవ్వులు) మా గాయకుడికీ ఆ భాష రాదు, అందుకని కళ్లు మూసుకుని, ఎంతో మురిపెంగా, ప్రియురాలి తోలు మూడుసార్లు తీశాడు. ఏం అన్నయ్యా, గుర్తుందా? (నవ్వులు)

గాయకులకు పాట ప్రతులు రాసిపెట్టే అమ్మాయి, ఆ భాష ఇంట్లో మాట్లాడే పిల్ల, లోపలికొచ్చి, "ఏమండీ, మీవాడు ప్రేమిస్తున్నాడా, కసాయి పనికెళ్తున్నాడా?" అంది. నాకు తల కొట్టేసినట్టయింది.

"అయితే ఏం రాయమంటారో మీరే చెప్పండి" అన్నాను ఉక్రోషంగా.

"మా ఇంట్లో ఎదురుచూస్తానని ఎవరూ అనరండీ. నాన్న రావడం ఆలస్యమైతే మా అమ్మ 'గడియ వేయలేదు' అంటుంది, అంతే."

ఆ మాట అలాగే పెట్టాను, తర్వాత తెలుగు పాటలోకీ తెచ్చుకున్నాను. పాట నిలబడింది, నేనూ నిలబడ్డాను. ఆ అమ్మాయిని పెళ్లి చేసుకున్నాను గానీ, ఆ మాట ఎవరిదో ఎక్కడా చెప్పలేదు. అడిగినవాళ్లందరితో 'అలా తట్టింది' అన్నాను. తట్టింది నాకు కాదు.

ఈ జ్ఞాపిక నిన్ననే చూపించారు. దీని మీద ఆ ఒక్క మాటే చెక్కించారు, కింద నా పేరు. చూడగానే సిగ్గేసింది. నిజం చెప్పేస్తానని పొద్దున మా ఆవిడతో అంటే, "ఇన్నేళ్లకా? ఊరుకోండి, బాగుండదు" అంది. ఊరుకోలేను. నిర్వాహకులు దయచేసి నా పేరు తీసేసి ఆవిడ పేరు చెక్కించాలి. అంతవరకు దీన్ని ఈ బల్ల మీదే ఉంచుతున్నాను.

అదుగో, కళ్లు తుడుచుకుంటూ లేచి వెళ్లిపోతోంది. నన్నింతకాలం భరించిన మీ అందరికీ కృతజ్ఞతలు. ఆవిడ నాకన్నా ముందు ఇల్లు చేరుతుంది. తోలు తీస్తుందో, గడియ వేయకుండా ఉంచుతుందో వెళ్లి చూసుకోవాలి. సెలవు.